గచ్చు మిద్దె మీద చౌడు

మాది అనంతపురం జిల్లా. మా వైపు మనిషికి ఎవరైనా మిద్దె గురించి చెప్పబోతే ఒళ్లు మండుతుంది. వంట గురించి చెప్పండి, వ్యవసాయం గురించి చెప్పండి, వింటాం. మిద్దె సంగతి మాత్రం మాకు పుట్టుకతోనే తెలుసనుకుంటాం. ఆ పొగరుతోనే తొంభైల చివర్లో ఒక ఎండాకాలం, ఒక పెద్దామె ఇంటిని కూల్చినంత పని చేశాను. పైగా నేను సివిల్ ఇంజనీరును. చదువుకున్నవాడు చేసే తప్పు చదువురానివాడు చేయాలన్నా చేయలేడని మా నాయన అనేవాడు. నన్ను చూసే అనుంటాడు.

అప్పట్లో హైటెక్ సిటీ దగ్గర లేస్తున్న ఒక ఆఫీసు భవనానికి నేను సైటు ఇంజనీరుని. పగలంతా ఉక్కు, గాజు, కాంక్రీటు. పెళ్లయి ఏడాది కాలేదు. సైటుకు దగ్గర్లో ఇల్లు దొరకడం గగనమైపోయింది. ఎవరో చెబితే మదీనాగూడ దాటి, బొంబాయి రోడ్డు మీంచి మట్టిబాట పట్టుకుని లోపలికి వెళ్లి ఆ ఇల్లు చూశాం. స్కూటరు దిగగానే మా ఆవిడ "ఏమబ్బా, ఇది ఇల్లా, కోటా?" అంది. రెండు గదులు కిరాయికిస్తామన్నారు. ఇంకెవరైనా అడుగుతారేమోనని ఆ రోజే బీరువా, మంచం తెచ్చి పడేశాం.

ఇంటి పక్కనే పెద్ద ప్రహరీ, దాని వెనక ఒకప్పటి నవాబు గారి మామిడితోట. అక్కడివాళ్లంతా దాన్ని బాగ్ అనేవారు. తోట నడుమ ఉన్న నవాబు బంగళా ఎప్పుడో నేలమట్టమైంది. మిగిలిందల్లా ఈ ఇల్లే. తోట పెత్తనం చూసే మనిషి కోసం నవాబు కట్టించాడు. ఆ మనిషి మా ఇంటి యజమానురాలి మామగారు. జాగీర్లు రద్దయ్యాక తోట ముక్కలు చెక్కలైంది కానీ, ఇల్లు, చుట్టూ ఉన్న కాస్త భూమి మాత్రం వీళ్లకే దక్కాయి. ఆమెను ఊరంతా అవ్వా అనే పిలిచేది, మేమూ అలాగే పిలిచాం. డెబ్భై దాటిన మనిషి. గట్టి పిండం.

ఆ ఇల్లు ముందు సగం ఉర్దూ, వెనక సగం తెలుగు. నేను వచ్చిన చుట్టాలందరికీ అలాగే చెప్పేవాణ్ని. ముందు అయిదు కమాన్ల వరండా. ఎత్తయిన పైకప్పు, గోడల్లో దీపాలు పెట్టుకునే గూళ్లు, ఆ గూళ్ల పైన కూడా వేలెడంత కమాన్లు. నవాబు బంగళా కడుతున్న పనివాళ్లే వచ్చి అది కట్టారట. కమాన్ల కింద పొయ్యి పెడితే మా ఆడోళ్లు వండరు అని మామగారు మొండికేస్తే, వెనక సగం ఊరి వడ్రంగికి అప్పజెప్పారట. అందుకే నడవ దాటగానే వేరే లోకం. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు, నాలుగు వైపులా అర్రలు, వంగి దూరాల్సిన దర్వాజలు. మొదటి నెలంతా నా నుదుటికి బొప్పి తగ్గలేదు.

అయిదో కమాను తక్కినవాటికన్నా మూరెడు సన్నం. కొలిచి చూసి, పనివాడి లెక్క తప్పిందని అవ్వ దగ్గర నా తెలివి చూపించబోయాను. ఆమె నవ్వింది.

"లెక్క తప్పలే బిడ్డా. గాడ మామిడిచెట్టు ఉండె. కొట్టొద్దని నవాబు చెప్పిండట. చెట్టుకు జాగ ఇడిసి కమాను కట్టిండ్రు. చెట్టు వాయె, కమాను గట్లనే ఉండె."

నేను నోట్‌బుక్కు మూసేశాను. ఇంట్లో ఉన్న ప్రతి వంకరకీ ఆమె దగ్గర ఒక కథ ఉండేది. ఆదివారాలు నేను టేపు పట్టుకుని ఇల్లంతా కొలుస్తుంటే, ఆమె వెనకే వచ్చి చెబుతుండేది. ఆ ఆదివారాలంత సంతోషం సైటులో ఒక్క రోజూ దొరకలేదు.

ఇంటికి ఒక్కటే జబ్బు. వానొస్తే కురిసేది. మేము చేరిన ఏడాది వానాకాలంలో పడగ్గదిలో మూడు గిన్నెలు, నడవలో ఒక బకెట్టు పెట్టుకుని బతికాం. అవ్వ కొడుకు పక్కనే కొత్తగా వేసుకున్న స్లాబు ఇంట్లో ఉంటూ ప్లాట్ల వ్యాపారం చేసేవాడు. చెడ్డవాడు కాదు. తడి నేల మీద తల్లి ఎక్కడ జారి పడుతుందోనని అతని భయం. మరుసటి ఎండాకాలం ఒక సాయంత్రం వరండాలో కూర్చుని మాట ఎత్తాడు.

"ఎన్నేండ్లు గిట్ల గిన్నెలు వెట్టుకుంట కూసుంటవ్ అవ్వా? కూలగొడ్తే పీడ వోతది. నా ఇంట్ల ఉండు. జాగ అడుగుతున్నాయన మంచోడే."

"నీ ఇంట్ల ఉండనని నేనన్ననా? ఇల్లేం పాపం జేసిందిరా?"

"కురుస్తది గదనే!"

 అవ్వ కొడుకు ముఖంలోకి చూసి తాపీగా చెప్పింది. "సరే. ఈ మిరుగం వానకు ఇంట్ల ఒక్క చుక్క పడితే ఇల్లు నీది, ఏం జేస్కుంటవో జేస్కో. పడకపోతే మాత్రం నా పానం ఉన్నన్ని దినాలు కూలగొట్టుడు మాట ఎత్తొద్దు."

"ఒక్క చుక్కనా?"

"ఒక్కటే చుక్క."

మిరుగమంటే మృగశిర కార్తె. నెల రోజులే ఉంది. అవ్వ గొంతు గట్టిగానే ఉంది కానీ, కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఆ చేతులు చూసి నాకు ఆగలేదు. "నేనున్నాను అవ్వా, మీకెందుకు ఫికర్!" అనేశాను. లోపలికి రాగానే మా ఆవిడ, "మిమ్మల్ని ఎవరు అడిగినారు సామీ? ఉండబట్టలేదా?" అని జాడించింది.

మా ఊళ్లో మట్టి మిద్దెలకు ఏటా వానలకు ముందు చౌడు పోస్తారు. చౌడంటే ఉప్పు పేరిన తెల్లటి మన్ను. నీళ్లు తగిలితే మెత్తగా సర్దుకుని, కింది మట్టికి మూతలా పట్టేస్తుంది. చిన్నప్పుడు మా నాయనతో గంపలు మోసి మోసి నెత్తి మీద వెంట్రుకలు అరిగాయి. ఈ ఇల్లు కింది నుంచి చూస్తే అచ్చం మా మిద్దెలాగే ఉంది, అవే దూలాలు, అవే చెక్కలు. నిచ్చెనేసుకుని పైకెక్కితే అంతా మట్టి, ఎండిన గడ్డి. ఇంకేముంది! చౌడు పోయక ఎన్నేళ్లయిందో, అందుకే కురుస్తోంది అని తేల్చేశాను.

"అవ్వను ఒక మాట అడిగితే పోలా?" అంది మా ఆవిడ.

"ఆమెకేం తెలుసు, పాపం," అన్నాను.

ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చినా నన్ను నేను లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

అవ్వ చుట్టాలింట్లో పెళ్లికని బోరబండ వెళ్లి వారం ఉండిపోయింది. ఆమె వచ్చేలోగా చేసి ఆశ్చర్యపరచాలని నా ఉబలాటం. చెరువు అంచున చౌడు వెతికి పట్టుకుని, రెండు ట్రాక్టర్లు తోలించి, నలుగురు కూలీలతో మిద్దెంతా జానెడు మందాన పరిపించాను. నేనే పైన నిలబడి కాళ్లతో తొక్కించాను. అవ్వ వచ్చి కింది నుంచి తలెత్తి చూసింది.

"ఏంది బిడ్డా, ఆ మన్ను?"

"చౌడు అవ్వా! ఇంక చూసుకో, బ్రహ్మరుద్రాదులొచ్చినా చుక్క పడదు."

ఆమె నోరు తెరిచి ఏదో అనబోయి ఆగింది. "ఇంజనీరువు గదా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు సంతోషంతో మాట రాలేదని అనుకున్నాను, చూడండి నా బుద్ధి!

మూడో రోజు మధ్యాహ్నం ఈదురుగాలితో అకాల వాన ఒకటి కొట్టింది. అరగంట వాన. అంతకు ముందు నాలుగు చోట్ల కురిసే ఇల్లు పద్నాలుగు చోట్ల కురిసింది. అదీ మంచినీళ్లు కాదు, బురద. నా డ్రాయింగుల మీద, మా ఆవిడ పెళ్లి చీర మీద, అవ్వ బియ్యం బస్తాల మీద, దేవుడి పటాల మీద. వాన ఆగాక కూడా రెండు రోజులు కారింది. పడగ్గదిలో ఒక దూలం బరువుకు కిర్రుమని మూలగడం మొదలుపెట్టింది. అవ్వ కొడుకు గుమ్మంలో నిలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"మా ఇంజనీరు సారు తోటి పని అల్కగైపాయె. మిరుగం దాంక ఎందుకే అవ్వా, ఇప్పుడే ఒడిసింది గదా!"

"మాటంటే మాట," అంది అవ్వ, బియ్యం చేటలోకి ఎత్తుకుంటూ. "నేను మిరుగం అన్న."

అతను వెళ్లాక ఆమె నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "గది మన్ను మిద్దె గాదు బిడ్డా. సున్నం గచ్చు మిద్దె. మన్ను, గడ్డి గాలికొచ్చి పేరింది," అంది.

సిగ్గుతో నాకు కోపం ముంచుకొచ్చింది. "ముందే చెప్పొచ్చు కదా అవ్వా!" అని అరిచాను.

"నువ్వు అడిగినవా?"

మా ఆవిడ గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. నేను పార తీసుకుని పైకెక్కాను. ఆఫీసుకు జ్వరమని చెప్పి, పోసిన చౌడంతా నా చేతులతో నేనే కిందికి తోశాను. చౌడు పోయింది, దాని కింది పాత మట్టి, గడ్డి వేర్లు పోయాయి. అడుగున తెల్లగా, నున్నగా రాయిలాంటి నేల బయటపడింది. అక్కడక్కడ సన్నటి పగుళ్లు. నీళ్లు దిగాల్సిన రాతి తూములు నాలుగూ వేర్లతో పూడుకుపోయి ఉన్నాయి. ఆ పూడిక చాలనట్టు దాని మీద నేను జానెడు మన్ను పోశాను! నీళ్లు పోయే దారి లేక, మిద్దె మీద చెరువు కట్టినట్టయింది.

చప్పుడు విని చూస్తే, అవ్వ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నిచ్చెనెక్కి వస్తోంది. నేను పార పడేసి నిచ్చెన కొస పట్టుకున్నాను. ఆమె మాత్రం తాపీగా మిద్దె అంతా తిరిగి, ఈశాన్య మూలకు పోయి చతికిలబడి, అరచేత్తో గచ్చును నిమిరింది.

"నేను కొత్త కోడలిగ వచ్చిన ఏడు ఈ గచ్చు మళ్ల వేసిండ్రు. నలభై మంది ఆడోళ్లం. తొమ్మిది దినాలు చెక్కలతోని కొట్టినం. ఈ మూల నాది. చేతులు బొబ్బలెక్కినయి. మా అత్త వెన్న రాసి, మళ్ల కూసోబెట్టింది."

ఆ మూలలో ఒక్క పగులు లేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని ప్రతి అంగుళం చూశాను. సంతోషంతో నాకు కేక వేయాలనిపించింది, వేశాను కూడా. మా ఆవిడ ఏమైందోనని వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

ఇంక నాకు పట్టుదల వచ్చింది, ఈసారి అడిగి చేసే పట్టుదల. ఆ పని తెలిసిన ముసలి మేస్త్రి బోరబండలో ఉన్నాడని అవ్వ చెప్పింది. స్కూటరు మీద వెళ్లి తీసుకొచ్చాను. పాతబస్తీలో పాత కట్టడాలకు సున్నం పని చేసేవాడు. ఆయన మిద్దె ఎక్కి, గోరుతో గచ్చు గీకి, ఆ పొడి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"బెల్లం తగిలింది," అన్నాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు. "సారూ, మీ సిమెంటు జర నాకి సూడుండ్రి. ఏమన్న రుచుంటదా?"

తను పని చేస్తున్న చోట నానబెట్టి ఉంచిన సున్నం ఆయనే తెప్పించాడు. తోట గోడ పక్కన సగం కూరుకుపోయిన రాతి గానుగను తవ్వి తీశాం. గుండ్రటి గాడిలో రాతి చక్రం, దానికి ఊళ్లోంచి తెచ్చిన ఒక దున్నపోతు. సైటులో పెద్ద పెద్ద మిక్సర్లు నడిపించే నేను, ఆ దున్నపోతు వెనక రోజంతా గుండ్రంగా తిరిగాను. సున్నం, ఇసుక, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు. మా వంటింట్లో బెల్లం అచ్చు ఒక్కటి మిగల్లేదు. చివరి పూతకు కోడిగుడ్లు కావాలని మేస్త్రి అడిగితే, మా ఆవిడ "మిద్దెకు ఆమ్లెట్టు కూడా వేస్తారా?" అంది.

అసలు పని కొట్టడంలో ఉంది. తూముల్లో పూడిక తీసి, పగుళ్లు విప్పి, కొత్త సున్నం పరిచాక, ఆడవాళ్లు వరసగా కూర్చుని, బట్టలుతికే చెక్కల్లాంటి కొయ్య చెక్కలతో దాన్ని కొడుతూ వెనక్కి జరుగుతూ పోవాలి. అందరి చెక్కలూ ఒకేసారి పడాలి. నేనూ ఒక చెక్క తీసుకున్నాను. నాలుగు దెబ్బలు వేశానో లేదో, మేస్త్రి వచ్చి లాక్కున్నాడు.

"మొగోళ్లు కోపం మీద కొడ్తరు సారూ. సున్నం ఇరుగుతది. చంటిపోరని జోకొట్టినట్టు కొట్టాలె. మీరు నీళ్లు మొయ్యుండ్రి."

మోశాను. చుట్టుపక్కల ఇళ్ల నుంచి ఇరవై మంది దాకా ఆడవాళ్లు వచ్చారు. అవ్వ మాట మీద వచ్చినవాళ్లు కొందరు, ఇంజనీరు చేసిన ఘనకార్యం కళ్లారా చూడాలని వచ్చినవాళ్లు కొందరు. దెబ్బ తప్పకుండా ఉండాలంటే పాట ఉండాలి. బతుకమ్మకు ఇంకా ఎన్నో నెలలుంది, ఇప్పుడెట్లా పాడతామని ఒకామె అంటే, అవ్వ "పాటకు ముహూర్తమేందే, ఎత్తు!" అని కసిరింది. ఎత్తారు.

"ఆగమాగమింజనీరు ఉయ్యాలో
మిద్దె మీద మన్ను వోసె ఉయ్యాలో
ముసలవ్వ నడగకుంట ఉయ్యాలో
మోకాటి దాంక తడిసె ఉయ్యాలో"

ఇరవై చెక్కలు ఒక్క దెబ్బగా పడుతుంటే, ఇల్లంతా గుమ్ముగుమ్మని మోగేది. నేను బిందె దించి, ఎవరు కట్టారీ పాట అని గద్దించాను. అందరూ మా ఆవిడ వైపు చూశారు. ఆమె తల ఎత్తకుండా, దెబ్బ తప్పకుండా కొడుతూ, "మాటలు నావి, యాస వీళ్లది" అంది. అప్పటిదాకా ఆ ఊళ్లో ఎవరితోనూ కలవడం లేదని బెంగపడ్డ మనిషి! నాకు కోపం ఎక్కడ నిలుస్తుంది? పదకొండు రోజులు ఆ పాట పెరుగుతూనే పోయింది. నేను పుట్టిన జిల్లా, నా నుదుటి మీది బొప్పి, దున్నపోతుతో నా స్నేహం, అన్నీ అందులోకి వచ్చేశాయి.

అవ్వ రోజూ తన మూలలోనే కూర్చుని కొట్టింది. అక్కడ కొట్టాల్సిన పనే లేదని మేస్త్రి చెప్పినా వినలేదు. మూడో రోజు కోడలు కూడా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కొడుకు మాత్రం తన స్లాబు మీద నిలబడి చూసేవాడు. ఒకసారి టీ తీసుకొచ్చి ఇచ్చాడు కానీ, "చుక్క చుక్కనే అవ్వా" అని గుర్తుచేసి మరీ వెళ్లాడు. అవ్వ ఆ టీ తాగలేదు.

చివరి రోజు మేస్త్రి చెక్క దెబ్బ వేస్తే, చెక్క ఎగిరి వెనక్కి వచ్చింది. కంచులా మోగింది. నున్నటి రాళ్లతో మెరుగు పెట్టి, తడి గోనెలు కప్పి, ఇంక దేవుడి దయ అన్నాడాయన.

మృగశిర ప్రవేశించిన రోజు ఊరంతా చేపల పులుసు వాసన. పొద్దున ఎండ మాడ్చింది. మధ్యాహ్నానికి పడమర నల్లబడింది. కొడుకు జాగ కొనే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, వరండాలో కుర్చీ మీద మర్యాదగా కూర్చున్నాడు. మేమెవరమూ గిన్నెలు పెట్టలేదు. పెడితే ఓడినట్టే అంది అవ్వ.

వాన అంటే వాన కాదది. బాగ్‌లో చెట్లు కనిపించడం మానేశాయి. నాలుగు తూముల నుంచీ నీళ్లు వాకిట్లోకి ధారలు కట్టి దూకాయి. అవ్వ నడవ కడప మీద కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ల సందున బిగించుకుంది. పైకి చూడలేదు. "నువ్వు సూడు బిడ్డా, నాతోని అయితలేదు" అంది. నాతో మాత్రం ఎక్కడవుతుంది?  మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పడగ్గది చూశాం. దేవుడి అర్ర చూశాం. బియ్యం అర్ర చూశాం.

కొడుకు కూడా మా వెనకే ప్రతి అర్రలోకీ వచ్చాడు. గంట గడిచింది. గంటన్నర గడిచింది. వాన ఇంకా జోరందుకుంది. అతను నడవ మధ్యకు వచ్చి నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, తల బాగా వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, దూలం దూలం వెతుకుతూ ఉండిపోయాడు.

అప్పుడు అవ్వ తలెత్తింది. మిద్దె వైపు కాదు, కొడుకు వైపు చూసింది.

"నోరు మూస్కో బిడ్డా," అంది. "ఏం పడది."

ముందు మా ఆవిడ నవ్వింది, తర్వాత నేను. అతను నోరు మూసుకున్నాడు, మళ్లీ తెరిచి తనే పడీ పడీ నవ్వాడు. నవ్వి నవ్వి వచ్చి, తల్లి పక్కన అదే కడప మీద ఇరుక్కుని కూర్చున్నాడు. "సరే అవ్వా. ఇగ ఆ మాట ఎత్త," అన్నాడు. అన్ని రోజులూ ఒక్క కన్నీటి బొట్టు రాల్చని మనిషి, కొడుకు భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కళ్లు నిండాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

వరండాలో ఆయనకు సంగతి అర్థమైంది. లేచి, తెల్ల చొక్కా సర్దుకుని, వాన వైపు చూసి, పోవడానికి ఒక అడుగు వేశాడు.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని కేకేసింది. "ఓ బిడ్డా, వాన ఎలిసినంక పోదువు, కూసో. ఈ ఇంట్ల తడవవు."

ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు.